పరీక్షించి విడిచిన గనులు

వినుకొండ ప్రాంతపు కొండల నడుమ, అగ్నిగుండాల పరిసరములందు సీసమును రాగియు కలవను సంగతి నేటివారు కనుగొన్నది కాదు. ప్రాచీనులు త్రవ్వి విడిచిన గుంటలే ఇరువదవ శతాబ్దపు భూగర్భశాస్త్రజ్ఞులకు దారిచూపినవి. బండ్లమోటున సీసపు గని కొంతకాలము నడచి మూతపడినది. నల్లకొండ, ధూకొండలయందు రాగికై సాగిన అన్వేషణ నిలుకడగల గనిగా ఫలింపలేదు. అందులకు ఎవరిని నిందింప బనిలేదు: సొరంగము తొలిచి, రాతిని పరీక్షించి, లోహము గిట్టుబాటు కాదని తేలినప్పుడు విరమించుట వివేకమే. అయితే విరమించువాడు తాను తెరచిన నోటిని మూసి పోవలదా?

ఇట్టి చోటుల బయట పోసిన రాతికుప్పలో ఇత్తడివలె మెరయు ముక్క నొకదానిని చేతికి దీసికొన్నచో, వానకు తడిసిన అంచులు పచ్చబారి కనిపించును. రాగి కరగి మరల పేరుకొన్న గురుతది. గంధకముగల ఖనిజము నీటితోను గాలితోను కూడి ఆమ్లమును పుట్టించును. అగ్నిగుండాల శిలలలో డోలొమైటు ఉండుటచే ఆమ్లము చాలవరకు శమించునని శాస్త్రజ్ఞులు ఊరడింపవచ్చును గాని, ఆమ్లము శమించినంతమాత్రమున సీసము మాయము కాదు. ఇక పాత సొరంగములో నిలిచిన ఊపిరాడని గాలికి రంగులేదు, వాసన లేదు. తప్పిపోయిన మేకను వెదకుచు లోనికి దిగిన పిల్లవానికి అది ఏ హెచ్చరికయు చేయదు.

విడిచిన గని ముఖద్వారములకు కంచె గట్టవలెనని 1961 నాటి లోహగనుల నిబంధనలే చెప్పుచున్నవి. చెప్పుట వేరు, కొండమీద కంచె నిలుచుట వేరు. 2023లో గనుల చట్టమును సవరించి, రాగి, సీసము, జింకు మొదలగు 29 ఖనిజముల అన్వేషణకు ప్రత్యేక లైసెన్సులను ప్రవేశపెట్టినారు గనుక, మన కొండలపై డ్రిల్లు యంత్రముల సందడి పెరుగవచ్చును. పెరుగనిండు, రాగి లేక విద్యుత్తు లేదు. కాని మూసివేతకగు రొక్కము త్రవ్వకమునకు ముందే జమపడవలెను, సంస్థ చేతులెత్తిన పిదప కాదు. అన్వేషణలో తీసిన శిలాఖండములు, పటములు కూడ భద్రపడవలెను, లేనిచో లాభములేదని ఒకడు తేల్చిన చోటనే మరియొకడు మరల కొండను తొలుచును. ఆ పటముల ప్రతి తహసీల్దారు కచేరిలో నొకటి, గ్రామపంచాయతీలో నొకటి యుంచి, బావి త్రవ్వబోవు రైతు అడిగిన నాడు రుసుము లేక చూపవలెను.