ఎండకు కూడా తాళం వేస్తారా?

'సూర్యుడు ఊరికే వెలుగు పంచిపెడుతున్నాడు. మా కొవ్వొత్తులు ఎవరూ కొనడం లేదు. కాబట్టి దేశంలోని కిటికీలన్నీ మూయించండి!'

ఇదీ కొవ్వొత్తుల వ్యాపారుల అర్జీ సారాంశం. నిజంగా ఎవరూ పెట్టింది కాదు. ఫ్రాన్స్ రచయిత ఫ్రెడెరిక్ బాస్టియా 1845లో పాలకులను ఎగతాళి చేస్తూ కల్పించింది. అలాంటి వ్యంగ్య రచనలతోనే ఆయన ఒక పుస్తకం తెచ్చాడు. సర్కారు జోక్యం ఎంత తగ్గితే జనం అంత బాగుపడతారన్నది ఆయన వాదం.

మన గుంటూరు, ప్రకాశం పత్తి రైతుకు ఇది నవ్వులాట కాదు. 2010 ఏప్రిల్‌లో ఒకసారి, 2012 మార్చి 5న మరోసారి కేంద్రం పత్తి ఎగుమతులు ఆపేసింది. దేశంలోని మిల్లులకు సరుకు చాలదన్నది సాకు. పండించినవాడిని అడిగారా? రైతు సంగతి అటుంచండి, 2012లో తనకే చెప్పలేదని నాటి వ్యవసాయ మంత్రి శరద్ పవార్ వాపోయారు. నిరసనలు రేగాక వారానికే కేంద్రం వెనక్కి తగ్గింది.

2025లో కథ తిరగబడింది. ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. సరిగ్గా మన పత్తి అమ్మకానికి వచ్చే రోజులవి! సుంకం తీసేస్తే బాస్టియా మెచ్చుకునేవాడే. మరి మన పత్తి బయటికి పోతానన్నప్పుడు గేటు ఎందుకు వేశారు? స్వేచ్ఛ మిల్లుకేనా, రైతుకు లేదా? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఈ ప్రశ్న ఈ గడ్డకు కొత్త కాదు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానిస్తే, నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా ఎదురుతిరిగారు. కాంగ్రెస్‌ను వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. పర్మిట్లు, లైసెన్సుల రాజ్యంపై ఆ పార్టీ పోరాడింది.

అలాగని బాస్టియా చెప్పిందంతా తలకెత్తుకోలేం. సర్కారు పూర్తిగా తప్పుకుంటే మిర్చి రైతు గతేమిటి? 2017లో ధర కుప్పకూలితే క్వింటాలు 5,000 రూపాయలకు కొనడానికి కేంద్రం ఒప్పుకోవాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే కష్టం. ఈసారి 11,781 రూపాయలు ప్రకటించారు. అదీ పంటలో పాతిక శాతానికే!

మా మాట ఒక్కటే. ధర పెరిగినప్పుడు గేటు మూసిన చెయ్యి, ధర పడినప్పుడు జేబులో దాక్కుంటే కుదరదు. ఎగుమతి ఆపాలనుకుంటే ముందు రైతు సంఘాలతో మాట్లాడాలి. ఆపితే ఆ నష్టం ఖజానా నుంచి చెల్లించాలి. ఆ బాధ్యత మోయలేకపోతే గేటు జోలికే పోవద్దు.

ఇది రైతుల గొడవేలే అని విద్యార్థులు, ఉద్యోగులు అనుకోవద్దు. మనలో ఎందరి కాలేజీ ఫీజులు యార్డులో మిర్చి టిక్కీలు అమ్మితే కట్టినవి కావు?