ఇంటి యంత్రాలు: కొత్త విండోస్, పాత క్యాసెట్లు

కంప్యూటరులో విండోస్ 10 తీసివేసి 11 వేయించుకొన్న తరువాత, యు.ఎస్.బి. తీగతో తగిలించే పాట పరికరాలు పలకడం లేదని కొందరు పాఠకులు వ్రాశారు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది గనుక యీ మార్పు చాలా యిండ్లలో తప్పలేదు. ఆ ఉత్తరాలలో షోలాపూరు సోదరి ఒకరు వ్రాసినది ముందుగా తీసుకొంటున్నాను. ఆమె అత్తగారు పాడిన పెండ్లిపాటలు, మంగళహారతులు పదునాలుగు క్యాసెట్లలో వున్నవట. టేపురికార్డరు నుండి పాటను కంప్యూటరులోకి దించే చిన్న పెట్టె ఒకటి కొని, ఆరు క్యాసెట్లు దించారు. ఏడవది మొదలుపెట్టే నాటికి కొత్త విండోస్ వచ్చి కూర్చున్నది. టేపు తిరుగుతున్నది గాని తెరమీద గీత కదలడం లేదు. పెట్టె చెడిపోయింది, మరొకటి కొనండి అని దుకాణం వారి సలహా.

అప్పుడే కొనవద్దమ్మా. మొట్టమొదట అత్తగారి క్యాసెటును టేపురికార్డరులోనుండి తీసి భద్రంగా దాచండి. పరీక్షలన్నీ, పోయినా విచారం లేని ఏదో సినిమాపాటల క్యాసెటుతో చేయండి. పాత టేపు తిప్పినకొద్దీ అరుగుతుంది, ఒక్కొక్కసారి రోలరుకు చుట్టుకొంటుంది. అందులోని పాటలు మరెక్కడా లేవు. తరతరాలుగా మరాఠీ వూళ్లో వుంటూ ఆ తల్లి నిలుపుకొన్న తెలుగు మాట కూడా ఆ టేపులోనే వున్నది. పెట్టె పోతే బజారులో దొరుకుతుంది.

తరువాత ఆ పెట్టెను ఇరుగుపొరుగు వారి కంప్యూటరుకు తగిలించి చూడండి. అక్కడ పలికితే పెట్టెలో లోపం లేదన్నమాటే. లోపం మధ్యనున్న దుబాసిలో వున్నది. కంప్యూటరుకూ పరికరానికీ మధ్య మాట చేరవేసే ఆ దుబాసికే డ్రైవరు అని పేరు. కొన్ని పరికరాలకు వాటిని చేసిన కంపెనీవారే స్వంత దుబాసిని యిస్తారు. మరికొన్ని, 1998లో యేర్పడిన యు.ఎస్.బి. ఆడియో క్లాస్ అనే అందరికీ తెలిసిన భాషలో మాట్లాడుతవి. వాటికి వేరే దుబాసి అక్కరలేదు, విండోస్ లోనే వుంటాడు. ఈ భాషలో రెండవ తరం కూడా ఒకటి వున్నది. దానిని విండోస్ 2017లో గాని నేర్చుకోలేదు.

క్యాసెట్లు దించడానికి చాలామంది వాడే బెరింగర్ యు.సి.ఏ.202 వంటి పెట్టెలు ఆ మొదటి భాషవే. ఇటువంటి వాటితో తికమక యెక్కడంటే, కంప్యూటరులో కంపెనీ పేరు కనబడదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరిస్తే, ఇన్‌పుట్ క్రింద "మైక్రోఫోన్, యు.ఎస్.బి. ఆడియో కోడెక్" అని వుంటుంది. మైక్రోఫోను మన దగ్గర లేదే అని దాటిపోతారు. అదే మన పెట్టె. దానినే యెన్నుకోవాలి.

మైక్రోఫోను అనే ఆ పేరే రెండవ చిక్కు తెస్తుంది. విండోస్ దృష్టిలో టేపురికార్డరు నుండి వచ్చే పాటకూ, యింట్లో మనం మాట్లాడే మాటకూ భేదం లేదు. రెండింటికీ అనుమతి కావాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్ తెరవండి. పైనున్న మీట ఒకటే చూసి వూరుకోరాదు. బాగా క్రిందికి పోతే డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి అని వేరే మీట వుంటుంది. ఆడాసిటీ వంటి రికార్డింగు ప్రోగ్రాములకు కావలసినది అది. అది మూసివుంటే కొన్నిసార్లు తప్పు వచ్చిందని చెబుతుంది, కొన్నిసార్లు ఏమీ చెప్పక నిశ్శబ్దాన్నే రికార్డు చేసి పెడుతుంది. సోదరి చెప్పిన కదలని గీతకు నేను మొదట అనుమానించేది దీనినే.

ఆడాసిటీ తెరవక ముందే పెట్టెను తగిలించండి. ఆ ప్రోగ్రాము తాను మేలుకొన్నప్పుడు కనబడిన పరికరాలనే లెక్కలో వుంచుకొంటుంది.

పాట వచ్చి, ఒక ప్రక్కనే వినబడితే ఆ పరికరం ప్రాపర్టీస్‌లో ఫార్మాట్ చూడండి. మైక్రోఫోను గదా అని ఒకటే ఛానెల్ పెట్టి వుంటుంది. రెండు ఛానెళ్లు, 16 బిట్, 44100 హెర్ట్జ్ అని మార్చండి. అక్కడే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనేది వుంటే ఆపివేయండి. అది మాటను శుభ్రపరచడానికి పుట్టినది. పాటలోని తాళాల చప్పుడును కూడా రణగొణధ్వని అనుకొని కోసివేయగలదు. ఇక, పెట్టె తగిలించగానే కంప్యూటరు స్పీకర్లు మూగపోయినవని భువనేశ్వరం నుండి ఒకరు బెంగపడ్డారు. స్పీకర్లకేమీ కాలేదు. శబ్దం బయటికిపోయే దారిగా కూడా విండోస్ ఆ పెట్టెనే యెన్నుకొన్నది. అవుట్‌పుట్ క్రింద స్పీకర్లను మళ్లీ యెన్నుకొంటే సరి.

స్వంత డ్రైవరు కావలసిన పరికరాల సంగతి కష్టతరం. విండోస్ 11లో 32 బిట్ రకం లేనే లేదు. కాబట్టి 32 బిట్ డ్రైవరు మాత్రమే వున్న పాత పరికరం యెంత మంచిదైనా దీనితో మాట్లాడదు. 64 బిట్ డ్రైవరు వున్నా, కోర్ ఐసోలేషన్‌లోని మెమొరీ ఇంటెగ్రిటీ అనే కాపలా కొన్ని పాత డ్రైవర్లను గుమ్మంలోనే ఆపుతుంది. కాపలాను తీసివేయమని కొందరు సలహా యిస్తారు. బ్యాంకు లెక్కలు చూసే కంప్యూటరులో ఆ పని చేయరాదని నా అభిప్రాయం. కంపెనీవారి కొత్త డ్రైవరుకోసం వెదకండి. పిల్లల కీబోర్డులకైతే ఒక వుపాయం వున్నది. కొన్ని రోలాండ్ కీబోర్డులలో యు.ఎస్.బి. డ్రైవర్ అనే చోట జెనెరిక్ అని మార్చుకోవచ్చు. యు.ఎం.-వన్ ఎంకే2 అనే మిడి తీగకైతే చిన్న మీట వుంటుంది; దానిని టాబ్ వైపు త్రోస్తే స్వంత డ్రైవరు లేకుండానే పనిచేస్తుంది.

మార్పు జరిగి పది రోజులు దాటకపోతే వెనుకకు పోయే దారి కూడా తెరిచే వుంటుంది: సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ గో బ్యాక్. పది రోజుల తరువాత ఆ దారి మూతబడుతుంది. పాత విండోస్ దాచిన ఫైళ్లను స్థలంకోసం ముందే చెరిపివేసినా అంతే. సోదరికి యీ గడువు దాటిపోయింది.

అయితే ఆమె ఉత్తరం చివరి ముక్కలో, మరిదిగారి పాత కంప్యూటరు విండోస్ 10తోనే వున్నదనీ, దానిని దుకాణానికి మార్పిడికి యివ్వబోతున్నారనీ వ్రాశారు. మిగిలిన ఎనిమిది క్యాసెట్లు పూర్తయ్యేవరకు దానిని యివ్వవద్దని నా మాటగా చెప్పండి. పైన చెప్పినవన్నీ చేసినా కొత్తది పలకకపోతే, పాతదానికి ఇంటర్నెట్టు తీసివేసి, రికార్డింగుకు మాత్రమే వాడుకోండి. దించిన పాటలను వేవ్ ఫైళ్లుగా భద్రపరచి, ఒక ప్రతి మీవద్ద వుంచుకొని రెండవది మరిదిగారి యింట వుంచండి.