ఆమిష్ వారి చిన్నకథలు

సోదరీమణులారా! దైవభక్తి గల యిండ్లలో కోపము, అసూయ, చాడీలు లేకుండునా? ఉండునని యొప్పుకొని, వానిని గూర్చియే కథలు వ్రాసికొను నొక జనసమూహమును గుఱించి యీ మాసము మనవి చేయుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను ఆమిష్ అను క్రైస్తవ వర్గమువారు గలరు. 1693లో స్విట్జర్లాండు, అల్సేసు ప్రాంతములలో జేకబ్ అమ్మన్ అను మతపెద్ద ననుసరించి వేఱుపడినవారినుండి యీ వర్గ మేర్పడినది. పదునెనిమిదవ శతాబ్దమున పెన్సిల్వేనియాకు వలసవచ్చిరి. నేటికిని వీరిలో పెక్కుమంది గుఱ్ఱపుబండ్లపై తిరుగుదురు. ఊరి విద్యుత్తు తీగలు తమ యింటికి రానీయరు. ఆడంబరములేని దుస్తులే ధరింతురు. పిల్లల చదువు సాధారణముగా ఎనిమిదవ తరగతితో ముగియును. అయినను వీరికి పఠనమనిన ప్రీతి మెండు. 1964లో కెనడాలోని ఆంటారియో రాష్ట్రమున ఎయిల్మర్ పట్టణమునొద్ద పాత్‌వే అను ప్రచురణాలయమును స్థాపించుకొనిరి. 1968లో అచ్చటినుండి ఫ్యామిలీ లైఫ్ అను మాసపత్రిక ప్రారంభమైనది.

ఇట్టి పత్రికలలోని కథలలో అద్భుతములు తక్కువ. పొరుగింటిపై పుట్టిన పుకారు, అన్నదమ్ముల మాటపట్టింపు, బిడ్డ యాడిన చిన్న అబద్ధము, క్రొత్తబట్టపై కలిగిన గర్వము, ఇవియే కథావస్తువులు. కొన్ని కథలకు రచయిత పేరైనను ఉండదు. పేరు చాటుకొనుట వినయమునకు విరుద్ధమని వీరి భావము. తన పట్టుదలను వదలి దైవేచ్ఛకు లోబడుటను జర్మను భాషలో గెలాసెన్‌హైట్ అందురు. ఆ గుణము దేవాలయమున గాక వంటయింటను, పొలమునను పరీక్షింపబడునని యీ కథల సారాంశము.

వీరి యిండ్లలో 1660లో డచ్చి భాషయందు వెలువడిన హతసాక్షుల చరిత్ర యొకటి గౌరవముతో చదువబడును. అందు డర్క్ విల్లెమ్స్ వృత్తాంతము ప్రసిద్ధము. 1569లో ఆయన చెఱనుండి తప్పించుకొని మంచుగడ్డ కట్టిన నీటిపై పరుగిడుచుండ, తరుముకొని వచ్చువాడు మంచు విఱిగి నీట మునిగెను. డర్క్ వెనుదిరిగి వానిని రక్షించెను. అందువలననే పట్టుబడి సజీవదహనమునకు గురియయ్యెను. ఆమిష్ పిల్లలు ఇట్టి కథలు వినుచు పెరుగుదురు.

కథలు విన్నంతమాత్రమున నడత మాఱునా యని మీ రడుగవచ్చును. 2006 అక్టోబరు 2వ తేదీన పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్‌లో ఒక ఆమిష్ పాఠశాలలో ప్రవేశించి యొకడు పదిమంది బాలికలను కాల్చెను, అయిదుగురు మరణించిరి. హంతకుడును తన్ను తానే కాల్చుకొనెను. ఆనాడే ఆమిష్ వారు కొందరు వాని భార్యయొద్దకు పోయి యోదార్చిరి. పిమ్మట వాని యంత్యక్రియలకును హాజరైరి. అయితే క్షమ యొక్కనాటి మాటతో ముగియలేదు. దుఃఖము తిరిగివచ్చినప్పుడెల్ల మరల క్షమింపవలసి వచ్చెనని ఆ తల్లిదండ్రులలో కొందరు తరువాత చెప్పిరి. చిన్న తగవులలో దినదినము చేసిన సాధన లేకున్న, అంతటి శోకమున ఆ మాట నోట వచ్చెడిదా యని మేము తలంచుచున్నాము.

ఇందొక హెచ్చరికయు నవసరము. ఇంట హింసకు లోనైన స్త్రీలను, బాలికలను క్షమించి యూరకుండుమని ఒత్తిడి చేసిన సంగతులును ఆ సమాజమునుండియే బయటపడినవి. నికెల్ మైన్స్ తల్లిదండ్రులు తమ హృదయములోని పగను తామే వదలుకొనిరి. బాధితురాలి నోరు మూయించుట యట్టిది కాదు. అది దోషిని కాపాడుట మాత్రమే. క్షమ ఎవరికి వారు ఇచ్చుకొనవలసినది గాని, బలవంతుడు బలహీనురాలినుండి వసూలు చేయదగినది కాదు. మన యిండ్లలోను "ఆడది ఓర్చుకొనవలెను" అనుమాట తఱచుగా వినబడుచున్నది గనుక ఈ భేదమును మఱవరాదు.

కావున సోదరీమణులారా, పిల్లలకు రాజుల కథలతోపాటు, కోపము దిగమ్రింగిన పొరుగామె కథయు, తప్పొప్పుకొన్న బిడ్డ కథయు చెప్పుడు. అన్యాయము జరిగినప్పుడు నోరు విప్పి చెప్పిన బాలిక కథయు వానితో చేర్చుడు. ఈ రెండు విధముల ధైర్యమును మన పిల్లలకు కావలయును.