చదరంగం గళ్లలో ఇరవై అంకెలు

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలడిగిన కథ మన ఇళ్లలో తెలియనివారు అరుదు. మొదటి గడికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు. ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం 18446744073709551615. కిలోకు 40,000 వడ్లు తూగుతాయనుకుంటే సుమారు 46,000 కోట్ల టన్నులు! రాజుగారు తెల్లమొహం వేయడంతో కథ ముగుస్తుంది. అసలు తమాషా సంఖ్యలోనే వున్నది.

ఇంత పొడుగు సంఖ్య జ్ఞాపకం వుండేదెలా? మనవాళ్లు పద్యంలో బిగించారు. పావులూరి మల్లనదని చెప్పుకునే ఆ తెలుగు పద్యంలో అంకెలుండవు, మాటలే. శశి అంటే 1, వేదాలు 4, గిరులు 7, గగనం 0. అయితే మొదటి మాట ఒకట్ల స్థానానిది. కుడినుంచి ఎడమకు వేసుకుంటూ పోవాలి.

ఇక సంఖ్య పొట్ట విప్పుదాం. ఏ సంఖ్య వర్గంలోనుంచైనా ఒకటి తీసేస్తే మిగిలేది, ఆ సంఖ్యకు ఒకటి తక్కువనూ ఒకటి ఎక్కువనూ గుణించిన లబ్ధమే. పది వర్గం నూరు. తొంభైతొమ్మిది తొమ్మిది పదకొండ్లు. మన సంఖ్య 4294967296 వర్గానికి ఒకటి తక్కువ. కనుక 4294967295నూ 4294967297నూ గుణిస్తే అదే వస్తుంది. మొదటిది సగం బల్ల మీది గింజల లెక్క. దాన్నీ ఇదే కత్తితో కోసుకుంటూ పోతే 3, 5, 17, 257, 65537 తేలతాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. అంటే ఒకటీ తామూ తప్ప మరే సంఖ్యా వీటిని నిశ్శేషంగా భాగించదు.

మరి 4294967297? ఇక్కడే ఒక మహామేధావి బోల్తాపడ్డాడు. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. రుజువు మాత్రం ఆయనకు చిక్కలేదు. 1732లో పాతికేళ్ల ఆయిలర్ వచ్చి, దాన్ని 641 భాగిస్తుందని చూపాడు. కాగితం మీద మీరే భాగించి చూడండి, సరిగ్గా 6700417 వస్తుంది. 641 ఆకాశంనుంచి వూడిపడలేదు. ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపినదై తీరాలి. అటువంటివి వరసగా 193, 257, 449, 577; ఆ తరవాతిది 641. ఐదు భాగహారాల పని తొంభై రెండేళ్లు పట్టిందన్నమాట! ఆ వరసలో 65537 తరవాత మరో ప్రధాన సంఖ్య ఈనాటివరకూ, కంప్యూటర్లు ఎంత గాలించినా, ఎవరికీ దొరకలేదు.

6700417 కూడా ప్రధాన సంఖ్యే. అంటే మన సంఖ్యలో ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కొక్కసారే. వాటిని రకరకాలుగా జత చేస్తే మొత్తం భాజకాలు 128. గళ్లకు సరిగ్గా రెట్టింపు. 6కు భాజకాలైన 1, 2, 3 కూడితే మళ్లీ 6 వస్తుంది గనుక దాన్ని పరిపూర్ణ సంఖ్య అన్నారు. మన ఇరవై అంకెల ఘనుడు ఆ పరీక్షలో నెగ్గడు. తనను మినహాయించి మిగిలిన 127 భాజకాలూ కూడినా, తనలో నూటికి డెబ్భై పాళ్లకు కాస్త పైన మాత్రమే వస్తుంది.