పడిపోతున్న మీటను తిట్టకండి

అగ్నిప్రమాదం గురించి వార్త ఏది చదివినా చివర ఒకే మాట కనబడుతుంది: షార్ట్ సర్క్యూట్ కారణమని అనుమానం. 2017 నవంబరు 13న అన్నపూర్ణ స్టూడియోలో, అక్కినేని నాగేశ్వరరావు చివరి చిత్రం 'మనం' కోసం వేసిన సెట్టు కాలిపోయినప్పుడూ తొలివార్తల్లో వినబడింది ఆ మాటే. ఆ సంఘటన లోతుపాతుల జోలికి నేను పోను. నా పేచీ ఆ మాటతోనే. పూర్వం 'తలరాత' అని సరిపెట్టుకున్నంత తేలికగా ఇప్పుడు 'షార్ట్ సర్క్యూట్' అనేస్తున్నాం. రెండు తీగలు కలిసి నిప్పురవ్వ లేవడానికి నెలల ముందునుంచే తీగ వేడెక్కుతూ, దాని తొడుగు మాడుతూ ఉండవచ్చు. ఆ వేడికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కను పక్కన పెట్టేది మాత్రం చాలాసార్లు మనమే.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల్లో పాత ఇళ్లకు ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. చలువరాయి మారుతుంది, కుళాయి మారుతుంది, స్నానాలగదిలోకి ఇన్‌స్టంట్ గీజరో, ఆవిరిస్నానపు యంత్రమో వస్తుంది. గోడలోపలి తీగ మాత్రం మారదు. కంటికి కనబడనిదానికి ఖర్చు పెట్టడం మనకు అలవాటు లేదు. ఇల్లు కట్టిననాడు ఒక చిన్న గీజరు కోసం పరచిన తీగ మీదే ఇప్పుడు మూడింతల బరువు వేస్తున్నాం.

లెక్క చాలా చిన్నది. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13, 6 కిలోవాట్లది 26 ఆంపియర్లు తీసుకుంటాయి. గోడలోని గొట్టంలో పరచిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, అంటే మేస్త్రీల భాషలో 'రెండున్నర వైరు', సుమారు 20 ఆంపియర్లు మోస్తుంది. మన వేసవిలో, అదే గొట్టంలో మరికొన్ని తీగలు కూడా ఉంటే ఇంకా తక్కువ. దాని మీద 26 ఆంపియర్లు పంపితే? పెట్టె నుంచి గీజరుకు 25 మీటర్ల దూరమనుకుంటే, రానూపోనూ తీగలో దాదాపు 237 వాట్లు గోడలోపలే వేడిగా మారిపోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 99 వాట్లే. పైగా ఈ వేడి కరెంటు పెరిగినంత మేరకే పెరగదు; కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లవుతుంది. సాధారణ పీవీసీ తొడుగు నిలకడగా ఓర్చుకోగలిగేది 70 డిగ్రీలే.

అసలు తప్పు జరిగేది దీని తరువాతి ఘట్టంలో. కొత్త గీజరు పెట్టాక పాత 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ పదేపదే పడిపోతుంది. ఇంటాయన విసుక్కుంటాడు. "సార్, ముప్పైరెండుది వేసేస్తా, ఇంక పడదు" అంటాడు మేస్త్రీ. నిజమే, పడదు. పడకపోవడమే ప్రమాదం. ఎమ్‌సీబీ కాపాడేది గీజరును కాదు, గోడలోని తీగను. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ సుమారు 18 ఆంపియర్ల వరకు గంటసేపు ఓర్చుకోవాలి, 23 దాటితే గంటలోపు పడితీరాలి. 32ది పెడితే ఆ హద్దులు 36కూ 46కూ జరుగుతాయి. గీజరు లాగే 26 ఆంపియర్లు దాని దృష్టిలో అసలు తప్పే కాదు. వెనకటి రోజుల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని రాగిపోగులు రెండు పేటలు మెలేసి కట్టేవారు. పరికరం మారింది గానీ బుద్ధి మారలేదు.

కాబట్టి వరస ఇదీ: పరికరం తీసుకునే కరెంటు కన్నా ఎమ్‌సీబీ తక్కువ కాకూడదు, తీగ మోయగలిగినదాని కన్నా ఎమ్‌సీబీ ఎక్కువ కాకూడదు. 6 కిలోవాట్లకు 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ, దానికి 6 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగ, పెట్టె నుంచి నేరుగా, మరి దేనికీ పంచకుండా ఉండాలి. ఒకే గొట్టంలో తీగలు ఎక్కువైతే 10 చదరపు మిల్లీమీటర్లది. 9 కిలోవాట్ల ఆవిరియంత్రమైతే ఒకే ఫేజు మీద 39 ఆంపియర్లు. అది మూడు ఫేజులకు అనువైనదైతే ఫేజుకు 13 మాత్రమే.

ఈ జ్ఞానం ఫిలింనగర్‌కు కొత్తది కాదు. టంగ్‌స్టన్ దీపాన్ని దీపమంటాం గానీ, తీసుకున్న కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగా వెదజల్లే కుంపటి అది. 10 కిలోవాట్ల దీపం ఒక్కటే 43 ఆంపియర్లు లాగుతుంది. ఏ దీపం ఏ ఫేజు మీద పడాలో, ఏ కేబులు ఎంత మోస్తుందో చూసుకోకుండా జెనరేటర్ వ్యాను దగ్గర పని సాగదు. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ వెలిగిన క్షణంలో ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది కనుక దానికి 'సి' రకం ఎమ్‌సీబీ అవసరం; గీజరుకు ఆ తొలి దూకుడు లేదు, 'బి' రకం సరిపోతుంది. ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక సెట్టు మీద ఈ బరువు బాగా తగ్గింది. ఇళ్లలో పెరిగింది. లైట్‌మ్యాన్‌కు తెలిసిన లెక్క ఆ పక్క వీధి ఇంటి యజమానికి తెలియకపోవడమే నాకు వింతగా తోస్తుంది.

కాపలాదారుకూ కనబడనివి ఉన్నాయి. కరెంటు భూమిలోకి లీకైతే ఎమ్‌సీబీకి తెలియకపోవచ్చు. అందుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తు తీగ కావాలి. బరువు ఎక్కువైతే ఆర్‌సీసీబీకి పట్టదు. మర బిగువు సడలి ఒక అతుకు వేడెక్కుతుంటే ఈ రెంటికీ తెలియదు. అక్కడ కాపలా మన కళ్లే, మన ముక్కే. గీజరు ప్లగ్గు రంగు మారినా, మాడువాసన వచ్చినా ఆ రోజే మీట దించి మేస్త్రీని పిలవాలి.

గోడ పగలగొట్టాలా అని అడిగే మిత్రులు ఉంటారు. అక్కర్లేదు. తీగ మార్చలేకపోతే కోరిక తగ్గించుకోవచ్చు. 15 లీటర్ల ట్యాంకున్న 2 కిలోవాట్ల గీజరు 20 డిగ్రీల నీటిని సుమారు పావుగంటలో 50 డిగ్రీలకు తెస్తుంది. పాత తీగ బాగుంటే దాన్ని హాయిగా మోస్తుంది. క్షణంలో వేణ్నీళ్లు కావాలనుకుంటే మాత్రం గోడలోపలి ఖర్చుకూ సిద్ధపడాలి. ఎన్ని ఆంపియర్లు, ఏ తీగ, ఏ ఎమ్‌సీబీ అనే మూడు సంగతులు మేస్త్రీ చేత కాగితం మీద రాయించి, ఆ కాగితాన్ని కరెంటు పెట్టె తలుపు లోపల అంటించండి. ఆ తరువాత మీట పడిపోతే దాన్ని తిట్టకండి. అది తన పని చేస్తోంది.