టన్ను బరువు ముచ్చట

కొనేటప్పుడు అరోవానా చేపపిల్ల వేలెడంత ఉంటుంది. రెండేళ్లు తిరిగేసరికి మూర దాటుతుంది. ఇంటికి కలిసొస్తుందని తెచ్చుకున్న చేపను వదులుకోలేరు కనుక తొట్టినే మారుస్తూ పోతారు. రెండడుగులది, నాలుగడుగులది, చివరికి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుది. ఆ చివరిది హాల్లోకి వచ్చే ముందు వాస్తు తెలిసినవారిని అడుగుతారు. ఈశాన్యమా, ఉత్తరమా తేలిపోతుంది. కింద బీము ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగరు.

అడగవలసినంత బరువా? ఆరు రెళ్లు పన్నెండు, పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున సుమారు 680 లీటర్ల నీళ్లు, అంటే 680 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దం మరో 120. గులకరాళ్లు, ఇనుప స్టాండు కలిస్తే 900 దాటి టన్నును అందుకోబోతుంది. ఇదంతా పన్నెండు చదరపుటడుగుల మీద. నివాస గదులకు మన ఇంజినీర్లు పాటించే ఐఎస్ 875 ప్రమాణం చదరపు మీటరుకు 200 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మన తొట్టి కింద అది 800 పైమాటే.

గుండె జారనక్కర్లేదు. ఆ 200 కిలోలు గదంతా పరిచి వేసిన లెక్క. పన్నెండడుగుల చదరపు గదికి మొత్తం రెండున్నర టన్నులు దాటుతుంది. పైగా భారాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుని మరీ ఇనుము వేస్తారు. గదుల మధ్య లేపే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కూడా ఆరడుగుల మేర టన్ను పైనే తూగుతుంది. అయితే పని తెలిసిన మేస్త్రీ దాన్ని స్లాబు నడుమ లేపడు, బీము చూసుకుని లేపుతాడు. తొట్టికీ అదే పద్ధతి. సక్రమంగా కట్టిన ఇంట్లో, బీము మీది గోడను ఆనుకుని, పిల్లరుకు దగ్గరగా పెడితే చాలావరకు దిగులుండదు. హాలుకూ డైనింగుకూ మధ్య అడ్డుతెరలా నిలబెట్టే షోకు ఉంది చూశారూ, అక్కడ మాత్రం ఇంజినీరును పిలవాలి. బాల్కనీలో అసలే వద్దు. ఒకవైపే పట్టున్న స్లాబుకు చువ్వలు పైభాగాన ఉండాలి. కాంక్రీటు పోసేనాడు కూలీల కాళ్ల కింద అవి దిగబడిపోవడం మేస్త్రీలందరికీ తెలిసిన రహస్యమే. విశాఖలాంటి చోట ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న పాత కప్పుల మీదా వద్దు.

చిత్రమేమంటే, మిద్దె మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు పెట్టేటప్పుడు మనకీ జాగ్రత్త గుర్తుంటుంది. పిల్లర్లు చూసి దిమ్మలు కట్టిస్తాం. అవే నీళ్లు అద్దాల వెనక రంగుదీపాల వెలుగులో కనిపిస్తే బరువు గుర్తుకు రాదు.

పుట్టినరోజు పండక్కి పదిహేను మంది హాల్లో చేరినా టన్ను బరువే. కానీ వాళ్లు భోంచేసి వెళ్లిపోతారు. తొట్టి కదలదు. ఎడతెగని భారం కింద కాంక్రీటు ఏళ్లతరబడి మిల్లీమీటర్ల లెక్కన కుంగుతుంది. ఇక స్టాండు నాలుగు కాళ్ల మీదే ఉంటే కాలుకు రెండు వందల కిలోలకు పైగా పడుతుంది; తడితే డొల్లగా మోగే టైలు పగలడానికి అది చాలు. ఒరుగుతోందేమో చెప్పే పనిముట్టు తొట్టిలోనే ఉంది. నీటిమట్టం ఎప్పుడూ సమమే కనుక, రెండు కొసలా నీటికీ పై అంచుకూ ఉన్న ఎడం కొలిచి ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. ఆర్నెల్లకు ఆ రెండు కొలతల మధ్య తేడా మారితే స్టాండో, టైలో, స్లాబో కదిలిందన్నమాట. మేస్త్రీ రసమట్టం తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. అలాంటప్పుడు చాలాసార్లు ముందు వదిలేది స్లాబు కాదు, మెలిపడ్డ అద్దం మూల. అప్పుడు తడిసేది మన సోఫాలొక్కటే కాదు, కింది ఫ్లాటువారి కప్పు కూడా.

అమెరికాలో మనవాళ్ల ఇళ్ల సంగతి వేరు. అక్కడి మేడగది నేల సాధారణంగా చెక్క దూలాల మీద నిలుస్తుంది. చదరపుటడుగుకు 40 పౌండ్లన్న వాళ్ల లెక్క మన 200 కిలోలకు దాదాపు సమానమే. కానీ చెక్కకు ఊగే గుణం ఎక్కువ. పిల్లలు పరుగెత్తితే తొట్టిలో నీళ్లు కదులుతాయి. అందుకే దూలాలకు అడ్డంగా, బయటి గోడ వారగా పెడతారు. బేస్‌మెంటు ఉంటే ఇంకా నయం, అక్కడి కాంక్రీటు నేల మట్టి మీదే ఆని ఉంటుంది.

ఇక్కడ మనకున్న చిక్కల్లా బీములు ఎక్కడున్నాయో తెలియకపోవడం. ఫాల్స్ సీలింగు వాటిని కప్పేస్తుంది. ఇంటి ఎముకలు కనబడే కాగితం స్ట్రక్చరల్ డ్రాయింగు. అవసరమైన పత్రాలు, ప్లాన్లు బిల్డరు నివాసుల సంఘానికి అప్పగించాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. సంఘం బీరువాలో లిఫ్టు వారంటీ కాగితం పక్కన ఆ డ్రాయింగు ఉందో లేదో, వచ్చే సర్వసభ్య సమావేశంలో పార్కింగు గొడవ మొదలయ్యేలోపు అడిగి చూడొచ్చు.