వ్యవసాయ పరిశోధన ఎవరి ప్రశ్నకు జవాబు?

ఆకలి అనే మాట వినపడగానే "దిగుబడి పెంచాలి" అని జవాబు చెప్పే పెద్దమనుషులు మన దేశంలో ఎప్పుడూ తక్కువ కాలేదు. ప్రభుత్వ నివేదికల్లోనూ, అంతర్జాతీయ సంస్థల ప్రకటనల్లోనూ, విశ్వవిద్యాలయాల సభల్లోనూ అదే పల్లవి. కొత్త వంగడం వస్తుంది, ధాన్యం రాశులు పెరుగుతాయి, ఆకలి దానంతటదే పోతుంది. ఈ వాదంలో భూమి ఎవరిదన్న ప్రశ్న లేదు. కూలి ఎంతన్న ప్రశ్న లేదు. అవి రాజకీయాలట! విత్తనం మాత్రం శుద్ధ విజ్ఞానమట!

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో ఈ వరి, జొన్న గొడవ ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. రైతును గురించి కథలూ గేయాలూ రాస్తూ, ఆ రైతు చేతిలోని విత్తు ఎవరు తయారు చేశారో, ఎందుకు చేశారో తెలుసుకోకపోవటం అభ్యుదయ రచయితకు తగదు. అంతేకాదు, విజ్ఞానం వర్గాలకు అతీతం అనే మాట సాహిత్యం వర్గాలకు అతీతం అనే మాటకు తోబుట్టువు. రెండోదాన్ని ఖండించి మొదటిదాన్ని తలవంచి అంగీకరించటం మనకు కుదరదు.

ముందు లెక్కలు చూద్దాం. 1950-51లో మన దేశంలో పండిన ఆహారధాన్యాలు సుమారు 5 కోట్ల టన్నులు. 2022-23 నాటికి అవి సుమారు 33 కోట్ల టన్నులయినాయి. ఈ మధ్యకాలంలో జనాభా దాదాపు నాలుగు రెట్లయితే ధాన్యం ఆరు రెట్లు దాటింది. పెద్దమనుషుల వాదమే నిజమైతే ఈపాటికి ఆకలి మాట మనం మరచిపోయి వుండాలి. కాని 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమి చెప్పింది? అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నది. గోదాములు నిండినంత మాత్రాన కడుపులు నిండలేదన్నమాట. 1943 బెంగాల్ కరువును పరిశీలించి అమర్త్య సేన్ 1981లో వెలువరించిన గ్రంథం చెప్పిందీ ఇదే: తిండి వున్న దేశంలోనే, దాన్ని పొందే హక్కూ కొనే శక్తీ లేని జనం చచ్చిపోతారు.

ఇంతమాత్రాన కొత్త వంగడాలను తేలిక చేసి మాట్లాడటం నా వుద్దేశం కాదు. ఫిలిప్పీన్సులోని లాస్ బానోస్‌లో 1960లో ఏర్పడిన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో ఐ.ఆర్. 8 విడుదల చేసింది. ఇండోనేషియా వరి 'పేట'నూ, తైవాన్ పొట్టి వరి 'డీ-జియో-వూ-జెన్'నూ సంకరం చేయగా పుట్టిన వంగడం అది. పొడుగాటి పాత వరికి ఎరువు ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి పడిపోయేది. ఈ పొట్టి పైరు ఎరువును గింజగా మార్చుకుని నిలబడింది. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి హెక్టారుకు 7 టన్నుల దాకా తీశారు. ఆ జిల్లాలోనే మారుటేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి తూర్పు భారతమంతా, బంగ్లాదేశ్ దాకా పాకింది. ఈ శాస్త్రజ్ఞుల కృషి గొప్పది. దాన్ని కాదనటం అవివేకం.

కాని ఈ విత్తనం ఏ చేతుల మీదుగా వచ్చింది? లాస్ బానోస్ సంస్థను నెలకొల్పినవి ఫోర్డు, రాక్‌ఫెల్లరు ఫౌండేషన్లు. 1968 మార్చిలో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ అధిపతి విలియం గాడ్ ఈ మార్పుకు 'హరిత విప్లవం' అని నామకరణం చేశాడు. ఇది సోవియట్ తరహా ఎర్ర విప్లవం కాదని కూడా ఆ ఉపన్యాసంలోనే చెప్పాడు. అంటే, దున్నేవాడికి భూమి పంచే పని లేకుండా పల్లెలను చల్లబరచే సాధనం దొరికిందన్న సంతోషం దాని పేరులోనే వున్నది. ఇది మనం అంటగట్టిన రాజకీయం కాదు. పేరు పెట్టినవాడు తానుగా చెప్పుకున్నది.

ఆ పల్లెలు చల్లబడినాయా? అదే సంవత్సరం డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో, కూలి పెంచమని అడిగిన దళిత వ్యవసాయ కూలీల మీద భూస్వాముల మూకలు విరుచుకుపడినాయి. ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మందిని సజీవంగా తగలబెట్టారు. చనిపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలూ పిల్లలూ. ఈ తంజావూరు ఎటువంటి జిల్లా? విత్తనం, ఎరువు, పరపతి కలిపి అందించే ప్యాకేజీ పథకానికి మొట్టమొదట ఎంపికయిన ఏడు జిల్లాలలో, మన పశ్చిమగోదావరితో పాటు, అదీ ఒకటి. హత్యలకు కొత్త వంగడం కారణమని నేననను. కొత్త సంపద పండించే చోట, అందులో వాటా అడిగినవాడికి ఏమి దక్కిందో చూడమంటున్నాను. కొత్త వ్యవసాయం గ్రామాల్లో అంతరాలను పెంచుతున్నదనీ, ఘర్షణలకు తావిస్తున్నదనీ 1969లో కేంద్ర హోంశాఖ నివేదికే హెచ్చరించవలసి వచ్చింది.

మాగాణి సంగతి ఇది. ఇక మెట్ట సంగతి. సంకర జొన్న సి.ఎస్.హెచ్. 1 మన దేశంలో 1964లోనే విడుదలయింది, ఐ.ఆర్. 8 కంటె రెండేళ్ళు ముందు! 1972లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మెట్ట పంటల కోసమే ఒక అంతర్జాతీయ సంస్థ వెలిసింది. అయినా 1970 ప్రాంతంలో దేశంలో సుమారు 1 కోటి 70 లక్షల హెక్టార్లున్న జొన్న సాగు ఇటీవలి సంవత్సరాలలో సుమారు 40 లక్షలకు పడిపోయింది. విత్తనం లేకనా? కాదు. పరిశోధకుడు పొలంలో గింజను మాత్రమే తూచాడు. బీదరైతు గింజతో పాటు చొప్పనూ చూసుకుంటాడు. చొప్ప లేకపోతే ఎద్దుకు మేత లేదు. ఎద్దు లేకపోతే సేద్యమే లేదు. పొట్టి సంకర జొన్న చొప్ప తక్కువ ఇచ్చింది. తొందరగా కోతకొచ్చి వానల్లో చిక్కి గింజకు బూజు పట్టింది. ఆ గింజకు బజారులో ధర పలకలేదు.

ఇది ఒక కారణం మాత్రమే. దీనికంటె పెద్ద కారణం పరిశోధనాలయం బయట వున్నది. ప్రభుత్వం మద్దతు ధర పెట్టి గట్టిగా కొన్నది వరినీ గోధుమనూ. చౌకడిపోలో పోసింది కూడా వాటినే. 1983లో మన రాష్ట్రంలో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం బీదవాడికి నిజంగానే ఆసరా అయింది. దాన్ని వెక్కిరించే హక్కు కడుపు నిండినవాడికి లేదు. కాని అదే ధరకు జొన్నలు కూడా కొని ఎందుకు పంచలేదు? జొన్న, సజ్జ, కొర్ర పండించే రైతును తన పంట వదిలి డిపో ముందు నిలబెట్టింది ఏ ప్రకృతి ధర్మం? ఆ తరవాత 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. బీదవాడి పళ్ళెంలోంచి తీసేసిన జొన్నరొట్టె ఇప్పుడు పట్నంలో ఆరోగ్యం పేరుతో ఖరీదైన తిండి అయి కూర్చున్నది.

ఇక విత్తనం మీద అధికారం సంగతి. ఆర్.హెచ్. రిఛారియా కటకంలోని కేంద్ర వరి పరిశోధనాలయానికి డైరెక్టరుగా పనిచేసిన శాస్త్రజ్ఞుడు. విదేశీ వంగడాలను సరిగా పరీక్షించకుండా తొందరపడి దించితే వాటితో తెగుళ్ళు కూడా దిగుతాయని 1960లలో అడ్డుచెప్పినందుకు ఆ పదవి వదులుకోవలసి వచ్చింది. ఆయన తరవాత రాయపూర్ చేరి ఛత్తీస్‌గఢ్ పల్లెలు తిరిగి వేలకొద్దీ నాటు వరి రకాలు సేకరించారు. ఆ సేకరణ చివరికి అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 2002లో ఆ విశ్వవిద్యాలయానికీ, సింజెంటా అనే స్విట్జర్లాండ్ కంపెనీకీ ఒప్పందం కుదరబోయింది. సంగతి బయటపడి రైతులూ ప్రజాసంఘాలూ ఆందోళనకు దిగేసరికి కంపెనీ వెనక్కు తగ్గింది. తరతరాలుగా ఆదివాసులూ రైతులూ ఏరి కాపాడిన గింజ అది. దాన్ని అప్పగించే అధికారం ఎవరిచ్చారు? జనం వీధిలోకి రాకపోతే ఆ ఒప్పందం అభివృద్ధిగా చెలామణి అయివుండేది.

ఇక్కడ మన శిబిరంలోని మిత్రులతో కూడా ఒక పేచీ వున్నది. ఇదంతా చూసి కొందరు పరిశోధనే కుట్ర అంటున్నారు. పాత విత్తనం, పాత ఎరువు, పాత పల్లె చాలునంటున్నారు. పాత పల్లె ఎవరికి చాలింది? పాలేరుకు చాలిందా? ఊరి చివర ముంపు పల్లంలో సాగు చేసుకునే దళితుడికి చాలిందా? స్వర్ణ వరి కథే మళ్ళీ చూడండి. అది దిగుబడి ఇస్తుంది గాని రోజుల తరబడి నీట మునిగితే కుళ్ళిపోతుంది. ఒరిస్సా రైతులు కాపాడుకున్న ధాలపుటియా అనే నాటు వరికి ముంపును తట్టుకునే గుణమున్నది. దానినుంచి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకంలో ఆ గుణానికి మూలమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చి స్వర్ణ సబ్-1 తయారు చేశారు. 2009లో అది మన దేశంలో విడుదలయింది. రెండు వారాల దాకా నీటిలో మునిగినా ఆ పైరు మళ్ళీ తేరుకుంటుంది. ఒరిస్సాలో జరిపిన పరిశీలన 2013లో అచ్చయింది. ముంపు పల్లాలు ఎక్కువగా షెడ్యూల్డు కులాలవారి సాగులో వున్నాయి గనుక ఈ వరి మేలు వారికి ఎక్కువ అందగలదని అందులో తేలింది.

ఈ వంగడం నాటు వరిని మాత్రం నమ్ముకుంటే వచ్చేది కాదు. పరిశోధనాలయం ఒక్కటీ దీన్ని పుట్టించలేదు. ఒరిస్సా రైతు గింజ, మారుటేరు కృషి, లాస్ బానోస్ విజ్ఞానం మూడూ కలిశాయి. ఎక్కడ కలిశాయి? పల్లపు రైతు కష్టం దగ్గర. ఎకరాకు ఎన్ని బస్తాలు అని మాత్రమే అడిగి వుంటే ఈ వంగడం పుట్టేది కాదు. పైరు మునిగితే ఆ కుటుంబం ఏమి తింటుంది అని అడిగారు గనుక పుట్టింది. ఇటువంటి పరిశోధన మనం కోరవలసింది, పోట్లాడి సాధించుకోవలసింది.

అయితే ప్రశ్న అడిగే అధికారం ఎవరిది? 2001లో మెదక్ జిల్లా ఆల్గోలులో 'ప్రజాతీర్పు' పేరుతో ఒక విచారణ జరిగింది. చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుంచిన విజన్ 2020 గురించి అధికారులూ, శాస్త్రజ్ఞులూ, కంపెనీల వారూ వచ్చి చెప్పిన వాంగ్మూలాలు విన్నారు. భూమి మీద బతికే జనాన్ని తగ్గించటం వద్దన్నారు. కూలీల పని లాగేసే యంత్రాలు వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. విత్తనం మీదా, నేల మీదా, నీటి మీదా తమ అదుపు వుండాలన్నారు. నివేదిక వెలువడగానే దాని పద్ధతి మీద పెద్ద వివాదం లేచింది. వారి తీర్పులో ప్రతి అక్షరమూ ఒప్పుకోవాలని నేననను. జన్యుశాస్త్రం విషయంలో నాకు వారితో కొంత భేదం వున్నది. కాని విజన్ రాయించటానికి విదేశీ సలహాదారు కంపెనీని పిలిచినప్పుడు పద్ధతిని గురించి అడగని పెద్దలు, సేద్యం చేసే స్త్రీ నోరు విప్పగానే పద్ధతిని గుర్తు చేసుకోవటం మాత్రం ఆశ్చర్యమే!

కాబట్టి మనం కోరవలసినవి స్పష్టం. వ్యవసాయ పరిశోధన ప్రజల డబ్బుతో జరగాలి. దాని ఫలితం ప్రజల ఆస్తిగా వుండాలి. ఏ పంట మీద, ఏ నేల కోసం, ఎవరి అవసరానికి పరిశోధన చెయ్యాలో నిర్ణయించే సంఘాల్లో కౌలుదారులూ, కూలీలూ, స్త్రీలూ కూర్చోవాలి. రైతు తన విత్తనం దాచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కును 2001 చట్టం గుర్తించింది. ఆ హక్కును కొరగాకుండా చేసే ప్రతి ఒప్పందాన్నీ ఎదిరించాలి. వరికి వున్న కొనుగోలు మెట్ట పంటలన్నిటికీ వుండాలి. వీటన్నిటికీ మూలంగా భూమి దున్నేవాడికి దక్కాలి. అది జరగకుండా ఎంత మంచి విత్తనం వచ్చినా దాని ఫలం గట్టు మీద నిలబడ్డవాడికే పోతుంది.

మన విద్యార్థి మిత్రులలో వ్యవసాయ కళాశాలల్లో చదివేవారు వున్నారు. ఉపాధ్యాయులలో పల్లెల్లో పనిచేసేవారు ఎందరో వున్నారు. వారికి నా మనవి ఒకటే. ఈ సెలవుల్లో మీకు దగ్గరలోని పరిశోధనా కేంద్రానికి వెళ్ళండి. అక్కడ ఇప్పుడు ఏ పరిశోధన జరుగుతున్నదో, దానికి డబ్బు ఎవరిస్తున్నారో రాసుకోండి. ఆ తరవాత పక్క ఊళ్ళో కౌలు రైతు ఇంటికి వెళ్ళి, మీ పొలానికి ఏమి కావాలని అడగండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి ఈ పత్రికకు పంపండి. ఈ చర్చ అక్కడినుంచి మళ్ళీ సాగిద్దాం.